కండువా కప్పిన తెర

కంప్యూటర్ ముందు కూర్చోబోయే ముందు ఆయన తల దువ్వుకునేవాడు. జేబులోంచి చిన్న దువ్వెన తీసి, ఇంకా వెలగని తెరలో మొహం చూసుకుని, పాపిడి సరిచేసుకుని, దువ్వెనను ఒకసారి ఊది మళ్ళీ జేబులో పెట్టుకున్నాక గానీ కుర్చీ లాగేవాడు కాదు. "ఇది ఫొటోలు తీసేది కాదు పెద్దాయనా" అని మొదటిసారి చూసినప్పుడు అన్నాను. "అది మనల్ని చూడదని నీకెట్లా తెలుసు అమ్మణ్ణీ" అన్నాడు. అంగట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు, వాళ్ళతో పాటు నేనూ నవ్వాను.

మనిషి పొట్టి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల పంచె, భుజం మీద ఎర్ర అంచు కండువా. పొద్దస్తమానం రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే మనిషి చొక్కాకు ఒక్క బురద మరకైనా ఎందుకు ఉండదో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అంగడి యజమాని ఖాదర్ భాయ్ చెప్పాడు తర్వాత. పనిలోకి దిగేముందు చొక్కా విప్పి మోటారు షెడ్డులో కొక్కేనికి తగిలిస్తాడట. పని అయ్యాక కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఒళ్ళు తుడుచుకుని, మళ్ళీ తొడుక్కుని అప్పుడు రోడ్డెక్కుతాడట. ఆయన్ను బురదతో చూసినవాళ్ళు ఊళ్ళో లేరు.

"ఈ మాట ఈడే ఉండాల" అనేది ఆయన ఊతపదం. ఇంట్లో వంకాయ పులుసు చేశారని చెప్పినా చివర ఆ మాట అనేవాడు, కోట బస్సు ఆలస్యంగా వచ్చిందని చెప్పినా అనేవాడు. ఒకసారి భాయ్ మాటవరసకు, మనవరాలు ఎన్నో తరగతి అని అడిగాడు. ఆయన తలుపు వైపు చూసి, గొంతు బాగా తగ్గించి, "ఆరు. ఈ మాట ఈడే ఉండాల" అన్నాడు. భాయ్ కూడా అంతే గొంతు తగ్గించి, "నా దగ్గర్నించి ఎక్కడికీ పోదు పెద్దాయనా" అని మాట ఇచ్చాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు నలుగురి ముందు పడితే ఏమైందో చూసినదాన్ని.

పోయిన నెలలో ఖాదర్ భాయ్ ఫోన్ చేశాడు. నేను మనుబోలు దగ్గర హైవే పక్కన స్కూటర్ ఆపి టీ తాగుతున్నాను. "మేడం, పెద్దాయన పోయినాడు. గుండెపోటు. నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయే లోపలే అయిపోయింది" అన్నాడు. అయ్యో అన్నాను. ఆ తర్వాత నాకు కలిగిన మొదటి ఆలోచన ఏమిటో చెప్పడానికే సిగ్గుగా ఉంది. ఇక భాయ్ అంగడికి వెళ్ళేముందు ఆయన ఉన్నాడా లేడా అని కనుక్కోనక్కర్లేదు కదా అనుకున్నాను.

నేను చేసే పని ముందు చెప్పాలి. నెల్లూరులో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని, అంగళ్ళకు బిల్లులు కొట్టే ప్రోగ్రాములు రాస్తాను. వాకాడులో ఖాదర్ భాయ్‌ది రొయ్యల మేత, మందుల అంగడి. గుంటల్లో పెరిగే రొయ్యకు తెగులు ఉందో లేదో పరీక్ష చేయించుకోవాలంటే రైతులు నాలుగు రొయ్యలు తెచ్చి భాయ్ అంగట్లో ఇస్తారు. ఆయన వాటిని నెల్లూరులో ల్యాబుకు పంపుతాడు. ఫలితం కోసం అందరూ భాయ్‌కే ఫోన్ చేస్తారు, ఆయన ల్యాబుకు చేస్తాడు. ఒక ఏడాది ల్యాబువాళ్ళు ఒక వెబ్‌సైటు పెట్టారు. ఎవరి నంబరు, ఎవరి పాస్‌వర్డు కొట్టుకుంటే వాళ్ళ ఫలితం వాళ్ళకు కనిపిస్తుంది. సెల్‌ఫోనులో సరిగా తెరుచుకోదు, కంప్యూటర్లోనే చూడాలి. భాయ్ నన్ను పిలిచి, ఆ సైటు మన బిల్లుల ప్రోగ్రాములోనే కనిపించేలా చెయ్యగలరా అని అడిగాడు. వేరే బ్రౌజర్ తెరిచిపెడితే వచ్చినవాళ్ళు ఫలితాలు మానేసి సినిమా పాటల్లోకి పోతున్నారట.

చెయ్యొచ్చు. మా ప్రోగ్రాములో ఒక గడి కోసి అందులో బ్రౌజర్‌ను బిగించవచ్చు. మామూలు బ్రౌజర్‌కు పైన చిరునామా గడి, వెనక్కి పోయే బాణం, మూసే గుర్తు ఉంటాయి. ఇలా లోపల బిగించినదానికి అవేవీ ఉండవు. మనం పెడితే ఉంటాయి, పెట్టకపోతే లేదు. నేను పెట్టలేదు. అంతటితో ఊరుకోలేదు కూడా. ల్యాబువాళ్ళ సైటు పైభాగంలో ముదురు నీలం పట్టీ ఒకటి ఉండేది. నా ప్రోగ్రాము లేత ఆకుపచ్చ. రెండూ పక్కపక్కన చూడటానికి ఏం బాగాలేవు. ఆ పట్టీ కనపడకుండా కత్తిరించేశాను. అప్పుడు చూస్తే ఎవరో పెట్టిన సైటు అనిపించలేదు, అంతా నేనే రాసినట్టు అతుకు తెలియకుండా కూర్చుంది. ఆ సాయంత్రం దాన్ని చూసుకుని చాలా మురిసిపోయాను.

చూసేవాళ్ళు చూసుకున్నాక బయటికి వచ్చే మీట, అదే లాగౌట్, ఆ నీలం పట్టీలోనే ఉండేది. అది నొక్కకపోతే లోపలి బ్రౌజర్ చివరగా వచ్చిన మనిషిని గుర్తుపెట్టుకుంటుంది. నేను నెల్లూరులో నా గదిలో, ల్యాబువాళ్ళు నాకిచ్చిన ఒక్క నంబరుతోనే పరీక్షించుకున్నాను. ఎన్నిసార్లు తెరిచినా నా పేరే వచ్చింది, అది సరిగానే ఉందనుకున్నాను. నా తర్వాత ఇంకో మనిషి వచ్చి అదే కుర్చీలో కూర్చుంటాడన్న ఊహే రాలేదు.

ఆ గడి ముందు మొట్టమొదట కూర్చున్నది ఆయనే. "ఎవురన్నా చూసినారా దీన్ని ముందే?" అని అడిగి, లేదని తేల్చుకుని, తల దువ్వుకుని కూర్చున్నాడు. ఒక్కొక్క అంకె వేలితో వెతుక్కుని కొట్టాడు. ఫలితం వచ్చే లోపల భుజం మీది కండువా తీసి, ఒక కొస తెర మీద, ఇంకో కొస తన తల మీద వేసుకుని, ఆ గుడారంలోకి మొహం పెట్టి చదువుకున్నాడు. బయట మేత బస్తాల మీద కూర్చున్నవాళ్ళు ఒకళ్ళ డొక్కలో ఒకళ్ళు పొడుచుకున్నారు. బయటికి వచ్చి, కండువా దులిపి వేసుకుని, "బాగుండాది" అన్నాడు. బాగున్నది రొయ్యలో ప్రోగ్రామో చెప్పలేదు.

అది ఆయన ఒక్కడి విచిత్రం కాదు, కాకపోతే ఆయనది ఒక పిసరు ఎక్కువ. గుంటలు చేసేవాళ్ళు పంట ఎలా ఉందని ఒకళ్ళనొకళ్ళు నేరుగా అడగరు. బాగుందంటే దిష్టి తగులుతుంది. బాగాలేదంటే కొనేవాడు ధర కోసేస్తాడు. "చక్రాలు తిరగతా ఉండాయా?" అని అడుగుతారు. నీళ్ళకు గాలి అందేటట్టు గుంటలో తిప్పే చక్రాలు అవి. "తిరగతా ఉండాయి" అంటారు అవతలివాళ్ళు. సంభాషణ అయిపోయినట్టే.

పక్క గుంట రమణయ్యతో ఆయనకు ఆ మాట కూడా లేదు. గట్టు హద్దు దగ్గర ఎప్పుడో మాట తేడా వచ్చిందట. ఇద్దరూ భాయ్ అంగట్లో ఒకే బల్ల మీద చెరో కొసన కూర్చుని భాయ్ ద్వారా మాట్లాడుకునేవాళ్ళు. "భాయ్, కాలవలో నాచు తీసే కూలోళ్ళు రేపు వస్తారా అని ఆయన్ను అడుగు." "వస్తారని చెప్పు భాయ్." భాయ్ బిల్లు కొట్టుకుంటూ తలెత్తకుండా, "విన్నారు గదా" అనేవాడు.

ఆ సీజన్‌లో ఫలితాల గడి వాడింది ఆయనొక్కడే. మిగతావాళ్ళు ఎప్పటిలాగే ఫోన్ చేసి అడిగేవాళ్ళు. ఆయన కండువా గుడారం అందరికీ అలవాటైపోయింది. ప్రతిసారీ బాగుండాది అని లేచేవాడు.

ఆ రోజు ప్రింటరు పని చెయ్యడం లేదని భాయ్ పిలిస్తే వెళ్ళాను. బల్ల కిందికి దూరి, గోడ వైపు తీగ సరిచేస్తున్నాను. ఆయన వచ్చాడు, తల దువ్వుకున్నాడు, కూర్చున్నాడు, కండువా కప్పుకున్నాడు. పని అయి నేను బల్ల పక్కనుంచి లేచేసరికి కండువా పక్క సందులోంచి తెర కనిపించింది. ఎర్ర అక్షరాలు. తెల్లమచ్చ తెగులు, ఉంది.

ఆ తెగులు రొయ్య తిన్న మనిషిని ఏమీ చెయ్యదు. గుంటను మాత్రం ఊడ్చేస్తుంది. పైగా వాళ్ళందరికీ ఉప్పుటేటి నుంచి వచ్చే కాలువ ఒక్కటే. అందులోంచే నీళ్ళు తోడుకుంటారు, అందులోకే వదులుతారు. ఒక గుంటలో తెగులు కనిపిస్తే ఆ రైతు మొట్టమొదట చెయ్యాల్సింది చుట్టుపక్కల వాళ్ళకు చెప్పడం. చెబితే వాళ్ళు కాలువ నీళ్ళు తోడటం ఆపి, బ్లీచింగ్ చల్లి, కాకులు వాలకుండా దారాలు కట్టి, తమ గుంటలను కాపాడుకుంటారు. ఆ ఊళ్ళో దానికి ఏ కాగితమూ చట్టమూ అక్కర్లేదు, చెప్పనివాణ్ణి మనిషిగా చూడరు.

ఆయన తల తిప్పాడు. కండువా లోపలి నుంచి నన్ను చూశాడు. నేను చూశానని ఆయనకు తెలిసింది. ఆయనకు తెలిసిందని నాకూ తెలిసింది. ఒక్క క్షణం ఏదో అంటాడనుకున్నాను. కనీసం ఈ మాట ఈడే ఉండాల అని కూడా అనలేదు. తెరను బిల్లుల పేజీకి మార్చి, కండువా తీసి భుజాన వేసుకుని, లేచి, అందరూ వినేటట్టు "బాగుండాది" అని వెళ్ళిపోయాడు.

నేను గమ్మున ఉన్నాను. ఒకరి ఫలితం ఇంకొకరికి చెప్పడం నా పని కాదు అనుకున్నాను. అది నిజమే కూడా. కానీ బల్ల అవతలి కొసన రమణయ్య కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు, ఆయన గుంట కాలువకు దిగువన ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. ప్రింటరు మూత బిగించి, అరగంట సేపు ఉత్త బిల్లులు కొట్టి చూశాను.

"ఆయనొక్కడే చూసుకోవాల్నా, మనకు చూసుకోను రాదా?" అని రమణయ్య లేచాడు. తనవీ నాలుగు రొయ్యలు ల్యాబుకు వెళ్ళి ఉన్నాయట. చేతులు పంచెకు తుడుచుకుని కుర్చీలో కూర్చుని, నంబరు కొట్టే గడి కోసం ఫలితాలు అన్న మీట నొక్కాడు. నంబరు అడగలేదు. నేరుగా పేజీ తెరుచుకుంది. పైన పెద్దాయన పేరు, గుంట నంబరు, కింద ఎర్ర అక్షరాలు. కండువా ఏమీ లేదు. రమణయ్య పేరును కూడబలుక్కుని గట్టిగా చదివాడు, తర్వాత కింది మాట చదివాడు. అంగడి మొత్తం లేచి ఆ తెర చుట్టూ మూగింది.

మూసెయ్యబోయాను. దేన్ని నొక్కను? బిల్లుల పేజీకి మార్చినా, ఫలితాలు నొక్కగానే మళ్ళీ అదే వస్తుంది. వెనక్కి పోయే బాణం లేదు, మూసే గుర్తు లేదు, లాగౌట్ లేదు. అంతా నేనే ముచ్చటపడి తీసేసినవి. చివరికి తెర స్విచ్చే ఆపేశాను. అప్పటికి మోటారు సైకిళ్ళు బయల్దేరాయి. భాయ్ అంగడి షట్టరు సగం దించి వాళ్ళ వెంట పోయాడు. భాయ్ వెనకాల నేను.

గుంట గట్టు మీదికి వెళ్ళేసరికి ఆయన తూము దగ్గర నడుము లోతు నీళ్ళలో ఉన్నాడు. గుంట నీళ్ళు కాలువలోకి పోయే తూము అది. ఇసక బస్తాలు వేసి, సందుల్లో బంకమట్టి కూరుతున్నాడు. చొక్కా లేదు. జుట్టులో, కనుబొమల మీద కూడా బురద. అలా చూసి ముందు ఆయనేనా అనుకున్నాను.

రమణయ్య గట్టు మీద నిలబడి, ఎన్నేళ్ళకో ఆయనతో నేరుగా మాట్లాడాడు. "బాగుండాదని చెప్పి వస్తివే. మేమందరం ఏమైపోవాలనుకున్నావు?"

"నీళ్ళు ఒదల్లేదు రమణయ్యా. చూసుకో, తూము కట్టేసినా."

"కాకి ఒకటి నీ రొయ్యను ఎత్తుకొచ్చి నా గుంటలో ఏస్తే? ఆ తూము ఆపుతాదా దాన్ని? నాకు చెప్పాల్నా, వద్దా?"

ఆయన చేతిలో మట్టి ముద్ద అలాగే ఉంది. "చెప్పాల్సిందే" అన్నాడు.

అదే సమయానికి రొయ్యలు కొనే ఏజెంటు వ్యాను గట్టు మొదట్లోకి వచ్చి ఆగింది. పొద్దున రొయ్యల వాలకం చూసి అనుమానం వచ్చి ఆయనే పిలిపించుకున్నాడట. తెగులు సంగతి బయట పడకముందే వలలు వేసి పట్టించి, మంచి సరుకు కింద పంపిద్దామని. డ్రైవరు కిందికి దిగి అక్కడున్న వాళ్ళతో రెండు మాటలు మాట్లాడి, వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ వ్యాను మలుపు తిరిగే దాకా ఆయన చూస్తూ ఉన్నాడు. నీళ్ళు వదలకుండా పక్కవాళ్ళను కాపాడబోయిన మనిషీ, కొనేవాణ్ణి మోసం చెయ్యబోయిన మనిషీ ఆయనే. అందరిముందూ రెండూ ఒకేసారి బయటపడ్డాయి. ఎవరూ తిట్టలేదు ఆ తర్వాత. ఎవరి గుంటల వైపు వాళ్ళు పరుగెత్తారు.

ఆయన గట్టెక్కి చొక్కా కోసం చూశాడు. అది మోటారు షెడ్డులో ఉంది. షెడ్డు నా వెనకాలే, నాలుగు అడుగుల్లో ఉంది. తెచ్చి ఇవ్వాలని నాకు తోచింది, అయినా నిలబడే ఉన్నాను. భాయ్ వెళ్ళి తెచ్చాడు. ఆయన దాన్ని తొడుక్కోలేదు, బురద అంటకుండా చేతికి దూరంగా పట్టుకున్నాడు. అప్పుడు నా వైపు చూశాడు, చాలాసేపు. నేనే తల దించుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకు ధైర్యం చేసి ఆ షెడ్డు దగ్గరికే వెళ్ళి అంతా చెప్పాను. నీలం పట్టీ సంగతి, లాగౌట్ సంగతి, మిషన్ చివరి మనిషిని గుర్తుపెట్టుకునే సంగతి. తప్పు నాదేనని, క్షమించమని అడిగాను. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు.

"అట్లాంటిది మీరు మరిచిపోతారా అండీ" అన్నాడు.

మరిచిపోయాను అన్నాను.

"సరేలేండి మేడం. ఈ మాట ఈడే ఉండాల."

అంతకు ముందు దాకా నేను అమ్మణ్ణిని, నువ్వు. ఆ రోజు నుంచి మేడం, మీరు. నేను అంగట్లోకి అడుగుపెడితే బల్ల మీంచి లేచి నిలబడేవాడు. వయసులో అంత పెద్ద మనిషి అలా లేచి నిలబడుతుంటే నాకు ఒళ్ళు చచ్చిపోయేది. నన్ను శిక్షించడానికి ఇంతకంటే మంచి మార్గం ఆయనకు దొరకలేదు అనుకున్నాను. కండువా కప్పుకోవడం కూడా మానేశాడు. ఫలితం రాగానే తెరను జనం వైపు తిప్పి, ఉన్నది ఉన్నట్టు బయటికి చదివేవాడు. నేను అక్కడ ఉంటే చదివాక నా వైపు చూసేవాడు. దెప్పుతున్నాడనుకున్నాను.

ఇంకో సంగతి. ఆ రోజు కబురు అందబట్టి దిగువన ఉన్న గుంటలన్నీ దక్కాయి. ఆయన పంట మాత్రం పోయింది. ఆ కాలువ వాళ్ళంతా నన్ను మెచ్చుకున్నారు. నీ మిషన్ మమ్మల్ని బతికించింది అన్నారు. కోట నుంచి, గూడూరు నుంచి మేత అంగళ్ళ వాళ్ళు వచ్చి ఆ ప్రోగ్రామే కావాలన్నారు. పొరపాటు అది, ఇప్పుడు సరిచేశాను, ఇక ఒకరిది ఒకరికి కనపడదు అని చెప్పేదాన్ని. నవ్వి, సరేలే మాకు తెలుసు అన్నట్టు చూసేవాళ్ళు. నిజం చెప్పాననిపించుకున్నాను, ప్రోగ్రాములూ అమ్ముడుపోయాయి. వద్దని ఒక్కళ్ళనూ తిప్పి పంపలేదు.

ఆ తర్వాత వాకాడు వెళ్ళాల్సి వస్తే ముందు భాయ్‌కి ఫోన్ చేసేదాన్ని. పెద్దాయన ఉన్నాడా? ఉన్నాడంటే మధ్యాహ్నం దాటించి వెళ్ళేదాన్ని. "ఆయన నిన్న కూడా అడిగినాడు, మేడం రాలేదా అని" అని భాయ్ ఒకటి రెండుసార్లు చెప్పాడు. ఇంకా కోపం తీరలేదన్నమాట అనుకున్నాను.

పలకరింపుకు వెళ్ళాలా వద్దా అని రెండు రోజులు నాలో నేను తన్నుకుని, చివరికి వెళ్ళాను. ఇంటి ముందు షామియానా, దాని కింద కాలువ రైతులు. ఎవరి మొహమూ చూడకుండా లోపలికి పోయాను. ఆయన భార్య చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెను చూడటం అదే మొదలు. భాయ్ అంగట్లో కంప్యూటర్ పెట్టినదాన్నని చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"కంప్యూటర్ అమ్మణ్ణివి నువ్వేనా?" అంది.

ఇంట్లో నేను ఇంకా అమ్మణ్ణినే అన్నమాట.

"నీ మాట చెప్పని పొద్దు లేదమ్మా ఆయన. 'ఆ పొద్దు అంతా చూసుకోని కూడా నేను నోరు తెరవలేకపోయినా, ఆ పిల్ల తెరిచింది' అనేవాడు. 'దాని మొహంలోకి నేను చూసినానే, చెప్పబాకు అని కళ్ళతోనే అడుక్కున్నా, అయినా అది రమణయ్యకు తీసి చూపించింది, అంత మంది మగోళ్ళు ఉండే చోట. కన్నబిడ్డ కూడా చెయ్యదు ఆ పని' అనేవాడు. రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు లేచి, అది చేసింది మంచి పనే అన్నాడు. ఇంక ఎన్నడూ ఆ మాట మార్చలేదు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. నేను అంగట్లోకి అడుగుపెట్టినప్పుడల్లా లేచి నిలబడిన ఆ మనిషి, తెర తిప్పి చదివి నా వైపు చూసిన ఆ చూపు, మేడం రాలేదా అన్న ఆ అడగడం, అన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. ఆయన నన్ను శిక్షించలేదు. సరిగా చదివానా అని ఆ చూపుతో నన్ను అడిగేవాడు. నేనేమో ఆయన లేని వేళలు చూసుకుని వచ్చిపోయాను.

"అట్లా కాదమ్మా" అన్నాను. "నేను చెప్పలేదు. చూసి కూడా గమ్మున ఉన్నాను. రమణయ్య గారు పక్కనే కూర్చుని ఉన్నా చెప్పలేదు. చెప్పేదాన్ని కూడా కాదు. ఆయన పేజీ దానంతటదే తెరుచుకుంది. నేను చేసిన పొరపాటు వల్ల తెరుచుకుంది, అంతే."

ఆమె నా చెయ్యి వదల్లేదు. ఏడుపు మధ్యలోనే మొహం కొంచెం విప్పారింది.

"నువ్వు ఇట్లే అంటావని చెప్పినాడులే. 'ఎప్పుడు అడిగినా ఆ పిల్ల నెపం మిషను మీదికే తోస్తాది, నా పరువు తీసినట్టు నేను అనుకోకూడదని' అనేవాడు. షెడ్డు కాడికి కూడా వచ్చి అదే చెప్పినావంట గదా." లోపలి గది వైపు తిరిగి కోడల్ని పిలిచింది. "ఇట్లా రామ్మా. మామ చెప్తా ఉండే అమ్మణ్ణి ఈమే."

కోడలు వచ్చి నన్ను చూసి చేతులు జోడించింది. ఇంకోసారి చెప్పబోయాను. ఆమె మొహంలోకి చూశాక, మళ్ళీ చెప్పినా అది నా మంచితనంలోకే చేరుతుందని అర్థమైంది. నమ్మవలసిన ఒక్క మనిషి వెళ్ళిపోయాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఎదురుపడి ఇంకోసారి గట్టిగా చెప్పి ఉంటే నమ్మేవాడేమో. నేను ఎదురుపడితేగా.

చావింటి నుంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు. చెయ్యి విడిపించుకుని, ఏమీ అనకుండా లేచి బయటికి వచ్చాను. షామియానా కింద రమణయ్య నన్ను గుర్తుపట్టి లేచాడు. పక్కవాళ్ళకు ఏదో చెప్పాడు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు కుర్చీలు వెనక్కి జరుపుకుని అందరూ లేచి నిలబడ్డారు. తల ఎత్తలేకపోయాను. ఆ పెద్దాయన కోసం ఏడుస్తున్నాననుకుని వాళ్ళు నాకు దారి ఇచ్చారు.